సిల్వర్ యాపిల్స్ బేస్ శబ్దం సాఫ్ట్‌వేర్ సింథ్‌లో రావడం లేదు

1968లో వచ్చిన సిల్వర్ యాపిల్స్ బ్యాండ్ తొలి ఆల్బమ్‌లోని బేస్ శబ్దాన్ని సాఫ్ట్‌వేర్ సింథ్‌లో (శబ్దాలు పుట్టించే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో) తెప్పించడానికి తంటాలు పడుతున్నాను. న్యూయార్క్‌కు చెందిన ఈ ఇద్దరిలో డానీ టేలర్ డ్రమ్స్ వాయిస్తే, సిమియన్ మామూలు కీబోర్డ్ లేకుండా ఆడియో ఆసిలేటర్లను (ఆగకుండా స్వరం పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరాలను) టెలిగ్రాఫ్ మీటలతో మోగించేవాడు, బేస్ మాత్రం కాళ్లతో.

సింథ్‌లో నేను పెట్టుకున్నవి: సైన్ వేవ్ (అన్నిటికన్నా సాదా స్వర తరంగం), అటాక్ (శబ్దం పైకి లేచే సమయం) 0, రిలీజ్ (మీట వదిలాక ఆగే సమయం) 5 మిల్లీసెకన్లు, ఫిల్టర్ ఆఫ్. బొమ్మ ఆర్గాన్‌లా మరీ శుభ్రంగా వస్తోంది. పిచ్ 5 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) అటూ ఇటూ కదిలిస్తే శ్రుతి తప్పినట్టుంది తప్ప ఆ గరుకు రాలేదు. శాచురేషన్ (శబ్దాన్ని కాస్త చీల్చి గరుకు చేసే ఎఫెక్ట్) పెంచితే అడుగు బేస్ పోతోంది. ఫేజ్ రీసెట్ (ప్రతి స్వరానికీ తరంగాన్ని మొదటి నుంచి మొదలుపెట్టడం) ఆపినా పెద్ద తేడా లేదు.

ఆసిలేటర్‌ను ఆపకుండా మోగనిచ్చి గేట్‌తో (శబ్దాన్ని తెరిచి మూసే స్విచ్ లాంటి దానితో) కోస్తే, ట్యూబ్ ఆంప్ ఎఫెక్ట్‌ను (పాత వాక్యూమ్ ట్యూబ్ ఆంప్లిఫయర్ శబ్దాన్ని అనుకరించేదాన్ని) గేట్‌కు ముందు పెట్టాలా, తర్వాతా?