అప్‌డేట్: గోల్ఫ్ బంతి మీద గీత కుడికి తిరిగినట్టు కనిపించే సమస్య తీరింది

గురి కోసం బంతి మీద ఉండే గీత, వెనక నుంచి చూస్తే సరిగ్గా హోల్ వైపే ఉంటుంది, బంతి దగ్గర నిలబడగానే కుడికి తిరిగినట్టు అనిపిస్తుంది, ఏది నమ్మాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

నేలమీద అద్దం పెట్టి చూడమన్న సలహానే పనిచేసింది. నా కళ్లు బంతికి నేరుగా పైన కాకుండా, దాదాపు రెండంగుళాలు పాదాల వైపు ఉన్నాయి. కోచ్ కూడా అదే చెప్పారు: గీత పెట్టడంలో తప్పులేదు, చూసే చోటే తప్పు. నేనేమో ఆఖరి క్షణంలో పటర్ (బంతిని హోల్‌లోకి దొర్లించే కర్ర) ముఖాన్ని తిప్పి "సరిచేసేవాణ్ణి"! కొంచెం దగ్గరగా నిలబడ్డాక రెండు చూపులూ కలిశాయి. ఇప్పుడు పటర్ బంతికి నేరుగా తగిలితే గీత వణక్కుండా దొర్లుతుంది, ఆ దృశ్యం ఎంత బాగుంటుందో.

మూడు గీతల బంతి, కొత్త పటర్, ఏ కన్ను బలమైనదన్న పరీక్ష లాంటి మిగతా సలహాలేవీ నా విషయంలో అవసరపడలేదు.

దూరం పట్‌లకు (పటర్‌తో కొట్టే దెబ్బలకు) మాత్రం గీతను పక్కకు తిప్పేస్తున్నాను, అక్కడ వేగమే ముఖ్యం. ఇంకోటి, గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద మార్కర్ (బంతి ఉన్న చోటుకు గుర్తుగా పెట్టే చిన్న బిళ్ల) పెట్టకుండా బంతిని తిప్పకండి, ఒక స్ట్రోక్ (దెబ్బ) పెనాల్టీ పడుతుంది.