అక్క ఆధార్‌తో కంపెనీలో చేరిన పిల్లను ఎలా బయటికి తేవాలి?

సత్యవేడు అన్న:
మా పక్కింటి పాపకు 16 ఏళ్లు. టెన్త్ అయ్యాక ఊళ్లోకి వచ్చిన ఏజెంటు వాళ్లక్క ఆధార్ తీసుకుని తడ వైపు ఛార్జర్లు చేసే కంపెనీలో చేర్పించాడు. రెండు నెలలుగా నైట్ షిఫ్టే. మొన్న ఇంటికొస్తే వేళ్ల నిండా సోల్డరింగ్ కాలిన మచ్చలు. 13 వేలని చెప్పి, హాస్టలు, భోజనం, బస్సు అని కోసి 8 వేలు చేతిలో పెట్టారు. వాళ్లమ్మేమో "ఆధార్ ఇచ్చింది మేమే కదా, కేసు మా మీదే పడుతుంది" అని భయపడుతోంది.

సూళ్లూరుపేట అక్క:
అన్నా, ఆ పిల్లను ముందు బయటికి తీసుకురండి. నేను నాలుగేళ్లు ఫ్యాక్టరీ లైన్‌లో నిలబడి పనిచేశాను. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇలాగే వేరే పేరుతో ఉండేది. ప్రెస్ మెషిన్‌లో వేలు నలిగింది. ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డు ఆ పిల్లది కాదు, ఆసుపత్రిలో ఏం చూపిస్తాం? కాంట్రాక్టరు ఫోనెత్తలేదు. మేమే తలా 200 వేసుకుని ప్రైవేటులో కట్టు కట్టించాం. ఇప్పటికీ ఆ వేలు మడవదు. పీఎఫ్ కూడా ఎవరి ఆధార్ అయితే వాళ్ల ఖాతాకే పోతుంది.

పుత్తూరు 90:
అన్ని కంపెనీలూ అలా ఉండవు. మా చెల్లి అక్కడే సంపాదించి డిగ్రీ ఫీజు కట్టుకుంది.

సూళ్లూరుపేట అక్క:
సంతోషం తమ్ముడూ. మీ చెల్లి తన పేరుతో, 18 నిండాక చేరింది కదా. ఈ పిల్లకు ఆ రెండూ లేవు.

చిత్తూరు యూనియన్:
18 నిండని ఆడపిల్లకు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ వేయకూడదు. 14 లోపు పిల్లలనైతే అసలు పనిలోనే పెట్టుకోకూడదు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత 14 నుంచి 18 మధ్య వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టడమూ నేరమే. ఓటీకి, అంటే అదనపు గంటలకు, రెట్టింపు కూలి ఇవ్వాలి. పేరు ఎవరిదైనా, చేసిన పనికి జీతం ఎగ్గొట్టడానికి లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, బాలల సంక్షేమ కమిటీ ముందు ఏజెంటు సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. దాచిపెడితేనే చిక్కు. టెన్త్ మార్కుల మెమో, బ్యాంకు మెసేజ్‌లు, ఏజెంటు నంబరు, కాలిన వేళ్ల ఫొటోలు దగ్గర పెట్టుకోండి.

పలమనేరు డ్రైవర్:
ఛార్జరు మీద ఏ ఫోన్ కంపెనీ పేరుందో వాళ్లకీ రాయండి. 2020 డిసెంబరులో కోలారు దగ్గర నరసాపురలో జీతాల గొడవ జరిగినప్పుడు, 2021లో శ్రీపెరంబుదూరు హాస్టల్లో తిండి తిని ఆడపిల్లలు జబ్బుపడి రోడ్డు మీద కూర్చున్నప్పుడు, రెండుసార్లూ ఆపిల్ తన ఫోన్లు చేసే ఆ ఫ్యాక్టరీలను ప్రొబేషన్‌లో, అంటే తప్పులు దిద్దుకునేదాకా నిఘాలో, పెట్టింది. నేను ఆ రూట్లో షిఫ్టు బస్సు తోలాను. తెల్లారి ఐదున్నరకు ఎక్కిన పిల్లలు టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని అలాగే నిద్రపోయేవాళ్లు. దిగాల్సిన చోట నేనే లేపేవాణ్ణి.

సత్యవేడు అన్న:
వాళ్లమ్మకు ఇవన్నీ చదివి వినిపించాను. మెమో వెతికి తీసింది. రేపు పొద్దున 1098కి నా ఫోన్ నుంచే చేస్తాం. పాప ఈ రాత్రి డ్యూటీకి పోలేదు.