పాట మధ్యలో టప్‌మంటోంది, బఫర్ ఎంత పెట్టాలి?

మల్కాజిగిరిలో ఉంటాను. నాన్నగారు కచేరీల్లో రికార్డు చేసుకున్న క్యాసెట్లను 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ల్యాప్‌టాప్‌కి ఎక్కించాను. కోఠిలో కొన్న యూఎస్‌బీ డాక్ (DAC, డిజిటల్ పాటను వినే ధ్వనిగా మార్చే పరికరం)తో వింటున్నాను. తోడి ఆలాపన సన్నగా సాగుతుంటే టప్‌మని చప్పుడు. బ్రౌజర్ తెరిస్తే మరీ ఎక్కువ. ప్రాణం ఉసూరుమంటోంది. బఫర్, అంటే పాటను ముక్కలుగా ముందే నింపుకునే చోటు, 128 శాంపిల్స్‌లో ఉంది. తగ్గిస్తే నాణ్యత పెరుగుతుందట, నిజమేనా?

జవాబు 1: లేదన్నా. చిన్న బఫర్ కావాల్సింది పాడుతూ రికార్డు చేసేవాళ్లకి. తమ గొంతు హెడ్‌ఫోన్‌లో వెంటనే వినపడాలి కదా. వినడానికి ఆ తొందరెందుకు? 96 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 96 వేల శాంపిల్స్ (ధ్వని కొలతలు), అందులో 128 అంటే 1.3 మిల్లీసెకన్లే. ఆలోపు ప్రాసెసర్ తర్వాతి ముక్క అందించకపోతే అదే మీ టప్. 2048 పెట్టండి, 21 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది. స్వరంలో వెంట్రుకవాసి తేడా రాదు.

జవాబు 2: డ్రైవర్ (డాక్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) బఫర్ వేరు, పాటలు వాయించే ప్లేయర్ బఫర్ వేరు. పాటలు వైఫై మీదుగా వస్తుంటే రెండోది కూడా ఒకట్రెండు సెకన్లకు పెంచండి.

అడిగినవారు: పాటలు ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, డ్రైవర్‌లో 2048 పెట్టానంతే. రాత్రి గంటసేపు విన్నాను, ఒక్క టప్ లేదు. తంబుర శ్రుతి వెనకాల నాన్నగారి దగ్గు కూడా వినిపించింది. చాలా థాంక్స్ అన్నా.