ముందు ఉద్యోగాలా, ముందు ఆరోగ్య బీమానా? 2009–10 అమెరికా గొడవలో లెక్కకు నిలిచేదేంటి?

ప్రశ్న: తటస్థుడు

2009 అక్టోబరులో అమెరికా నిరుద్యోగ రేటు 10 శాతానికి చేరింది. అప్పుడు వాషింగ్టన్‌లో నడుస్తున్నదేమో ఆరోగ్య బిల్లు (తర్వాత ఒబామాకేర్‌గా పేరుపడింది) మీద యుద్ధం. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుందని రిపబ్లికన్లు ఇప్పటికీ అంటారు. బీమా ఉద్యోగానికి ముడిపడి ఉన్న దేశంలో ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావని డెమోక్రాట్లు అంటారు.

నాకు తేలాల్సినవి రెండు. ఆరోగ్య బిల్లు వల్ల ఉద్యోగాల బిల్లు నిజంగా ఆగిపోయిందా? ఆ చట్టంతో 25 లక్షల ఉద్యోగాలు పోతాయని అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు లెక్కలు కట్టే బడ్జెట్ ఆఫీసే (సీబీఓ) చెప్పిందన్న మాట నిజమేనా? ఏ పక్షంవాళ్లైనా చెప్పండి, కానీ తేదీలు, ఓట్లు, అంకెలతో చెప్పండి.

జవాబు: గ్యాలరీసీటు

తటస్థుడు గారూ, మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. వరసలో ముందు వచ్చింది ఉద్యోగాల చట్టమే. 78,700 కోట్ల డాలర్ల స్టిమ్యులస్ (మాంద్యం నుంచి గట్టెక్కించే ఉద్దీపన చట్టం) మీద ఒబామా సంతకం పెట్టింది 2009 ఫిబ్రవరి 17న. దానికి దిగువ సభ హౌస్‌లో రిపబ్లికన్ల ఓటు ఒక్కటీ పడలేదు, ఎగువ సభ సెనేట్‌లో మూడు పడ్డాయి. కాబట్టి అసలు తగాదా ఉద్యోగాల బిల్లు రెండో విడత గురించి.

ఆ రెండో విడతను హౌస్ 2009 డిసెంబరు 16న 217–212తో నెగ్గించింది. సుమారు 15,400 కోట్ల డాలర్ల బిల్లు. రిపబ్లికన్లు ఒక్కరూ ఓటెయ్యలేదు సరే, 38 మంది డెమోక్రాట్లు కూడా వ్యతిరేకించారు. ఆ సమయంలో సెనేట్‌లో ఏం జరుగుతోందో చూడండి. ఫిలిబస్టర్ (చర్చ సాగదీసి ఓటింగ్ ఆపే ఎత్తు) దాటాలంటే 60 ఓట్ల క్లోచర్ (చర్చ ముగించే తీర్మానం) కావాలి. పిటిషన్ వేశాక మధ్యలో ఒక రోజు ఆగాలి, ఓటు అయ్యాక కూడా 30 గంటల దాకా చర్చ సాగదీయొచ్చు. ఆరోగ్య బిల్లుకు ఈ తంతు సవరణకు ఒకసారి, దానికి మూలమైన ప్రత్యామ్నాయ పాఠానికి ఒకసారి, బిల్లుకు ఒకసారి జరిగింది: డిసెంబరు 21, 22, 23. చివరికి 24 పొద్దున 60–39తో గట్టెక్కింది. అంటే డిసెంబరు సభాసమయాన్ని ఆరోగ్య బిల్లు తినేసిన మాట నిజం.

అయితే సమయం ఉండి ఉంటే 15,400 కోట్ల బిల్లు నెగ్గేదా అంటే, 60 ఓట్లు ఎక్కడ నుంచి వస్తాయో ఎవరూ చూపించలేదు. చివరికి సెనేట్ దాన్ని బాగా కుదించి హైర్ చట్టం చేసింది. 60 రోజులుగా పని లేనివాళ్లను చేర్చుకుంటే యజమాని వాటా సోషల్ సెక్యూరిటీ (వృద్ధాప్య పింఛను) పన్ను 6.2 శాతం 2010 చివరిదాకా మాఫీ. ఆ ఉద్యోగి 52 వారాలు నిలిస్తే వెయ్యి డాలర్ల దాకా పన్ను రాయితీ. సెనేట్‌లో 68–29. సంతకం 2010 మార్చి 18న, అంటే ఆరోగ్య చట్టం మీద సంతకానికి అయిదు రోజుల ముందు.

నిజంగా కాలం వృథా అయింది 2009 వేసవిలో. సెనేట్ ఫైనాన్స్ కమిటీ ఛైర్మన్, డెమోక్రాట్ మాక్స్ బాకస్ తనతో కలిపి ముగ్గురు డెమోక్రాట్లు, ముగ్గురు రిపబ్లికన్ల బృందంలో ఆరోగ్య బిల్లు మీద నెలల తరబడి బేరాలాడారు. అక్టోబరు 13న కమిటీ ఓటింగ్ నాటికి ఆయనకు దక్కిన రిపబ్లికన్ ఓటు ఒలింపియా స్నో ఒక్కరిదే. తుది బిల్లుకు ఆవిడ కూడా ఓటెయ్యలేదు. డెమోక్రాట్లను తప్పుపట్టాలంటే ఇక్కడ పట్టండి.

జవాబు: చిన్నవ్యాపారం

నేను రిపబ్లికన్ల వైపు. గ్యాలరీసీటు గారు చెప్పిన తేదీలతో పేచీ లేదు. కానీ ఉద్యోగాలిచ్చేది సెనేట్ కాదు కదండీ, యజమానులు. వాళ్లకు ఈ ఆరోగ్య చట్టం ఎలా కనిపించిందో చూడాలి.

50 మంది ఫుల్‌టైమ్ సమానుల లెక్క దాటితే యజమాని బీమా ఇవ్వాలి, లేదా జరిమానా కట్టాలి. వారానికి సగటున 30 గంటలు చేస్తే ఫుల్‌టైమ్. పార్ట్‌టైమ్ వాళ్ల నెల గంటలన్నీ కూడి 120తో భాగించి ఆ సంఖ్యను కలపాలి. ఉదాహరణకు 40 మంది ఫుల్‌టైమ్, నెలకు 96 గంటలు చేసే పార్ట్‌టైమర్లు 20 మంది ఉన్నారనుకోండి. 20 × 96 = 1,920, దాన్ని 120తో భాగిస్తే 16. మొత్తం 56, కాబట్టి నియమం వర్తిస్తుంది.

బీమా ఇవ్వకపోతే, ఒక్క ఫుల్‌టైమ్ ఉద్యోగి సొంతంగా బీమా కొనుక్కోవడానికి ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్నా జరిమానా మొదలు. మొదటి 30 మందిని వదిలేసి ఒక్కో ఫుల్‌టైమ్ ఉద్యోగికి ఏడాదికి 2,000 డాలర్లు (మొదట్లో, తర్వాత పెరిగింది). పై ఉదాహరణలో 10 మందికి 20,000 డాలర్లు. అందరూ ఫుల్‌టైమే అయితే 49 మంది దాకా సున్నా, యాభయ్యో మనిషిని చేర్చుకోగానే 40,000. పైగా దీన్ని ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవడానికి లేదు. యాభయ్యో మనిషిని తీసుకునే ముందు ఏ యజమానైనా ఆగి ఆలోచించడా?

2014లో రావాల్సిన ఈ నియమాన్ని 2015కి, 50–99 మంది ఉన్నవాళ్లకు 2016కి వాయిదా వేశారు. ఖర్చు ఎంతో, ఎప్పుడో తేలక యజమానులు ఏళ్లకేళ్లు గడిపారు. 2010 నవంబరులో డెమోక్రాట్లు హౌస్‌లో 63 సీట్లు పోగొట్టుకోవడానికి మాంద్యం ఒక్కటే కారణమంటే నేనొప్పుకోను.

జవాబు: పట్టికలుచదివేవాడు

చిన్నవ్యాపారం గారూ, మీ లెక్క సరిగ్గా ఉంది, 50 దగ్గర ఆ గట్టు ఉన్న మాట వాస్తవం. 30 గంటల గీత మీద మాత్రం ఒక మాట. దాన్ని 40కి మార్చాలని రిపబ్లికన్ హౌస్ బిల్లు కూడా నెగ్గించింది. కానీ 30 గంటల దగ్గర పనిచేసేవాళ్లు కొద్దిమంది, 40 దగ్గర చేసేవాళ్లు చాలామంది. గీతను 40కి జరిపితే ఒక్క గంట కోసి బీమా ఎగ్గొట్టే అవకాశం ఎక్కువమంది మీద పడుతుంది. మందు రోగం కన్నా చేటు చేసేది.

ఇక 25 లక్షల సంగతి. 2014 ఫిబ్రవరి సీబీఓ నివేదికలో ఉన్నది ఇది: చట్టం వల్ల మొత్తం పనిగంటలు తగ్గుతాయి, ఆ తగ్గుదల 2024 నాటికి సుమారు 25 లక్షల ఫుల్‌టైమ్ ఉద్యోగులతో సమానం. కారణం కూడా అక్కడే రాశారు: దాదాపు అంతా పనిచేసేవాళ్లు తమంతట తాము తక్కువ పని ఎంచుకోవడం వల్ల. యజమాని తీసేస్తే నిరుద్యోగ రేటు పెరుగుతుంది, మనిషి తనకు తానుగా మానేస్తే పెరగదు. కాబట్టి ఉద్యోగాలు పోతాయని సీబీఓ చెప్పిందనడం తప్పు.

2014కి ముందు పరిస్థితి గుర్తుంచుకోండి. 61 ఏళ్ల షుగర్ పేషెంటు ఉద్యోగం మానేస్తే చాలా రాష్ట్రాల్లో సొంతంగా బీమా కొనబోతే కంపెనీ పొమ్మనేది. కోబ్రా అనే చట్టం కింద పాత ఉద్యోగపు బీమా ఉంచుకోవచ్చు, అదీ మామూలుగా 18 నెలలే, పూర్తి ప్రీమియం మీద ఇంకో 2 శాతం కలిపి జేబులోంచి కట్టాలి. వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్‌కు 65 నిండాలి. కాబట్టి ఒంట్లో ఓపిక లేకపోయినా బీమా కోసం పనిలో వేలాడాల్సిందే. అలాంటి మనిషి మానేయగలగడాన్ని నష్టం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

డెమోక్రాట్లు చెప్పకుండా దాటేసే సగం కూడా ఉంది. ఆదాయం పెరిగేకొద్దీ సబ్సిడీ తగ్గుతుంది, అంటే అదనపు సంపాదన మీద కనపడని పన్నులాంటిది. పేదరిక రేఖకు 400 శాతం దాటితే మొత్తం పోయేది. 2014లో ఒంటరి మనిషికి ఆ హద్దు 45,960 డాలర్లు. ఒక్క డాలరు దాటితే సబ్సిడీ సున్నా. వయసు పైబడి ప్రీమియం ఎక్కువున్నవాళ్లకు అది వేల డాలర్ల దెబ్బ. ఓవర్‌టైమ్ వద్దనుకునేది అందుకే. దీన్ని సరిగ్గా విమర్శించే అవకాశం వదులుకుని రిపబ్లికన్లు 25 లక్షల అంకెను పట్టుకున్నారు.

తటస్థుడు

అందరికీ ధన్యవాదాలండీ. ఒక్క అనుబంధ ప్రశ్న: స్టిమ్యులస్‌లో ఆరోగ్యానికి ఏమైనా ఉందా?

గ్యాలరీసీటు

చాలానే ఉంది. ఉద్యోగం పోయినవాళ్ల కోబ్రా ప్రీమియంలో 65 శాతం కేంద్రమే భరించింది. పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌లో రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే వాటా పెంచడానికి సుమారు 8,700 కోట్ల డాలర్లు పెట్టారు. ఇది ఉద్యోగాల పద్దు కూడా. దాదాపు అన్ని రాష్ట్రాలూ లోటు లేని బడ్జెట్టే వేయాలి. మాంద్యంలో పన్నుల రాబడి పడిపోయి మెడికెయిడ్ ఖర్చు పెరిగితే ముందు కోత పడేది టీచర్ల మీదే. 2010 ఆగస్టులో ఈ సాయాన్ని పొడిగించినప్పుడు మెడికెయిడ్‌కు సుమారు 1,600 కోట్లు, టీచర్ల జీతాలకు 1,000 కోట్లు ఒకే చట్టంలో పెట్టారు. సెనేట్ ఓటు 61–39, అందులో రిపబ్లికన్లు స్నో, సుసాన్ కాలిన్స్ ఓట్లూ ఉన్నాయి.