సంక్రాంతికి హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఎలక్ట్రిక్ కారు: దారిలో ఫాస్ట్ ఛార్జర్లను నమ్మవచ్చునా?

కూకట్‌పల్లి_కారు:
అందరికీ నమస్కారం. ఈ సంక్రాంతికి అమ్మానాన్నలను వెంటబెట్టుకొని మా కారులో రాజమండ్రి వెళ్లాలని అనుకుంటున్నాము. బ్యాటరీ 45 కిలోవాట్ అవర్లది. విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు, అక్కడి నుంచి మరో 150 పైచిలుకు. ఏసీ వేసుకొని, నలుగురితో, సామానుతో హైవే మీద వెళ్తే ఒక్క ఛార్జింగుతో విజయవాడ చేరుతామన్న ధీమా లేదు కనుక, సూర్యాపేట, కోదాడల మధ్య ఒకసారి, ఏలూరు చుట్టుపక్కల ఇంకోసారి ఆగాలి. పండగ రద్దీలో ఏ స్టేషన్లు నమ్మదగినవి, ఎన్ని యాప్‌లు పెట్టుకోవాలి, అమ్మకు షుగరు ఉన్నందున వేళకు భోజనం, శుభ్రమైన మరుగుదొడ్డి దొరికే చోటు ఏది అన్నవి నా సందేహాలు. అనుభవజ్ఞులు చెప్పగలరు.

మూసీ_ఒడ్డు:
యాప్‌ల సంగతి నన్ను అడగండి, ఎందుకంటే నా డబ్బు ఇప్పటికీ వాటిలోనే ఉంది. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో యాప్‌లో ఒక్కో వాలెట్. ఎంత తక్కువ కరెంటు కావాలన్నా వాళ్లు నిర్ణయించిన కనీస మొత్తం ముందుగా వేయాల్సిందే. మిగిలినది మళ్లీ ఆ కంపెనీ స్టేషనుకు వెళ్లేదాకా అక్కడే మూలుగుతూ ఉంటుంది. పక్కనే పెట్రోలు పోయించుకొని ఫోనుతో డబ్బు కట్టి వెళ్లిపోతున్న స్కూటరు అబ్బాయిని చూస్తూ, ఎండకు తెర మీది అక్షరాలు కనబడక అరచేయి అడ్డం పెట్టుకొని, రాని ఓటీపీ కోసం నిలబడితే తెలుస్తుంది ఆ అవమానం. అంతా అయ్యాక ఛార్జింగ్ మొదలై రెండు నిమిషాలకే ఆగిపోయింది, డబ్బు మాత్రం మొత్తం తెగిపోయింది. కస్టమర్ కేర్ అమ్మాయి ఎర్రర్ వచ్చినప్పటి తెర ఫొటో పంపమన్నది. ఆ తెర అప్పటికే నల్లబడి, కంపెనీ బొమ్మ తిరుగుతున్నది.

ఇక పన్ను సంగతి చూడండి. కరెంటుకు జీఎస్టీ లేదు, కానీ అదే కరెంటు ఛార్జింగ్ గన్ను (కారుకు తగిలించే కేబులు పిడి) గుండా కారులోకి వస్తే సేవ అయిపోయి 18 శాతం పడుతుంది. 2023లో పన్ను సందేహాలను ముందుగానే తేల్చి చెప్పే కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ కూడా ఈ మాటే చెప్పింది. కారు కొన్నప్పుడు 5 శాతం, కారుకు మేత వేసేటప్పుడు 18 శాతం. దీనిలో ఏ ప్రోత్సాహం ఉందో పెద్దలే చెప్పాలి.

గోదావరి_గట్టు:
డబ్బు పోయినా మీకు కనీసం మిషను కనబడింది. పోయిన ఉగాదికి రాత్రి పదకొండు దాటాక నేను వెళ్లిన బంకులో ఛార్జరు ఉన్న వైపు గేటుకు గొలుసు చుట్టి తాళం వేశారు. యాప్ మాత్రం పచ్చ రంగులో ‘24 గంటలూ అందుబాటులో ఉంది’ అని చూపిస్తూనే ఉన్నది. నిద్రపోతున్న కుర్రవాణ్ణి లేపి అడిగితే, “ఆ మిషను మా ఓనరుది కాదు సార్, కంపెనీ వాళ్లది. తాళం మేనేజరు ఇంట్లో ఉంది” అన్నాడు. కంపెనీకి ఫోను చేస్తే గేటు బంకువాళ్లది అన్నారు. మరో చోట ఫ్యూజు పోతే బంకువాళ్లు లైన్‌మ్యాన్‌ను చూపించారు, లైన్‌మ్యాన్ తన హద్దు మీటరు వరకే అన్నాడు.

హైవేకు ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక ఛార్జింగ్ స్టేషన్ ఉండాలని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాల్లోనే రాశారు. 2023లో మూడు ప్రభుత్వ చమురు సంస్థల బంకుల్లో 7,432 స్టేషన్లు పెట్టడానికి 800 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. పెట్టిన మిషను రాత్రిపూట పనిచేస్తున్నదో లేదో చూసే మనిషి ఎవరో మాత్రం నాకు ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు.

విశ్రాంత_ఏడీఈ:
విద్యుత్ శాఖలో ఏడీఈగా (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా) రిటైరై, ఉద్యోగమంతా సబ్‌స్టేషన్లలో గడిపినవాడిగా చెబుతున్నాను, ఇక్కడ చాలామందికి అసలు మూల విషయమే తెలియదు. బోర్డు మీద 60 కిలోవాట్లు అని రాసి ఉంటే అది మీ కారులోకి వచ్చే శక్తి కాదు, ఆ మిషను ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి. రెండు గన్నులకూ కార్లు తగిలిస్తే చాలా మిషన్లు దానిని 30, 30గా పంచుతాయి. ఒక్క కారే ఉన్నా, ఆ కేబులు 150 ఆంపియర్లకు మించి మోయలేనిదైతే, మీ బ్యాటరీ వోల్టేజీ 350 ప్రాంతంలో ఉంటే, వచ్చేది 52 కిలోవాట్ల చిల్లరే. మే నెల ఎండలో, గాలి ఫిల్టర్లకు దుమ్ము పట్టి లోపల కరెంటును మార్చే మాడ్యూళ్లు వేడెక్కితే మిషను తనంతట తానే ఇంకా తగ్గించుకుంటుంది.

కూకట్‌పల్లి గారి కారు 20 నుంచి 80 శాతానికి రావడానికి 27 యూనిట్లు (యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్) కావాలి. 50 కిలోవాట్ల మీద అరగంట దాటి కొద్ది నిమిషాలు, పక్క గన్నుకు ఇంకో కారు ఉంటే దాదాపు గంట. 80 దాటిన తరువాత బ్యాటరీయే ఆంపియర్లు తగ్గించమంటుంది కనుక, అక్కడి నుంచి ప్రతి శాతానికీ ఎక్కువ సమయం పడుతుంది. పండగ రోజుల్లో 80 రాగానే గన్ను తీసి పక్కకు జరగడం కనీస మర్యాద. అది తెలియనివారు ఈ కార్లు కొనకపోవడమే మేలు.

పెద్దబండి_వారు:
మీ బాధలన్నీ చిన్న బ్యాటరీలతో వచ్చినవి. నాది 79 కిలోవాట్ అవర్ల మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ, 175 కిలోవాట్ల వరకు తీసుకుంటుంది. హైదరాబాదులో ఇంటి దగ్గర నింపుకొని బయలుదేరితే విజయవాడలో కూడా ఆగవలసిన అవసరం రాలేదు. కొనేటప్పుడే కాస్త ఆలోచించి కొనవలసింది.

అమలాపురం_అల్లుడు:
పెద్దబండి గారి సంగతి తరువాత చూద్దాం. ఏడీఈ గారూ, నేను యూనిట్ లెక్కన డబ్బు కట్టి కరెంటు కొనుక్కుంటున్నాను, ఎవరి దయా దాక్షిణ్యాల మీదా కాదు. రావులపాలెం దగ్గర హైవే దిగాక అత్తగారి ఊరు వెళ్లి వచ్చేలోపు నాకు నమ్మకమైన ఫాస్ట్ ఛార్జరు ఒక్కటీ దొరకలేదు. పిల్లలతో ఆ కాలువ గట్ల మీద కారు ఆగిపోతే మీ మర్యాద వచ్చి తోస్తుందా? పైగా నాది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ. అప్పుడప్పుడు 100 వరకు నింపితేనే శాతం సరిగా చూపిస్తుందని కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. నేను 100 దాకా పెడతాను.

నల్లగొండ_నెక్సాన్:
ఆ 100 మీ ఇంట్లో రాత్రిపూట పెట్టుకోండి, ఎవరు కాదన్నారు? హైవే మీద, వెనుక వరుస కట్టి ఉండగా శాతం సరిచూసుకోవడం ఏమిటి? పోయిన సంక్రాంతికి కోదాడ దగ్గర ఒక పెద్దమనిషి గన్ను తగిలించి కుటుంబమంతటితో భోజనానికి వెళ్లిపోయాడు. కారు 96 శాతం దగ్గర నత్తనడకన ఎక్కుతున్నది, అద్దం మీద ఫోన్ నంబరు లేదు, హోటల్లో మైకులో పిలిపించినా పలకలేదు. వెనుక ఆరు కార్లు, వాటిలో ఒకదానిలో జ్వరంతో ఉన్న పసిపిల్ల. చివరకు ఎవరో ఓపిక నశించి మిషను మీది ఎర్ర మీట నొక్కారు. అలా నొక్కవలసి వచ్చినందుకు సిగ్గుపడవలసింది ఆ భోజనరాయుడే.

అమలాపురం_అల్లుడు:
కోదాడ దగ్గరా? తెల్ల కారా? అయితే ఆ కారు నాదే. 96 కాదు, 91. మైకులో ఎవరూ పిలవలేదు. నేను చేతులు కడుక్కొని వచ్చేసరికి మిషను మీద ఎర్ర దీపం వెలుగుతున్నది, చుట్టూ ఉన్నవారందరూ ఏమీ ఎరగనట్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఇన్ని వివరాలు తెలిసిన మీరు ఆ మీట నొక్కినవారి పేరు కూడా చెప్పేయండి.

నల్లగొండ_నెక్సాన్:
పేరు చెప్పవలసిన అవసరం నాకు లేదు. మూడు కూరలతో భోజనం ముగించుకొని తీరికగా వచ్చిన మీకు మమ్మల్ని నిలదీసే హక్కు అంతకంటే లేదు.

విశ్రాంత_ఏడీఈ:
ఇద్దరూ వినండి. ఆ ఎర్ర మీట నిప్పు అంటుకున్నప్పుడు, ఎవరికైనా షాక్ కొట్టినప్పుడు నొక్కడానికి పెట్టినది. దానిని నొక్కితే మిషను ఫాల్టులోకి పోతుంది. కొన్నింటిలో మీటను తిప్పి పైకి వదిలితే సరిపోతుంది, కొన్నింటిలో కంపెనీవాళ్లు దూరం నుంచి రీసెట్ చేసేదాకా కదలదు. అంటే ఒకరి మీద కోపంతో నొక్కినవారు తమతో కలిపి ఆరు కార్లనూ ఆపుకొన్నారు. జ్వరం పిల్లకు ఒరిగింది ఏమిటి?

క్యాబ్_అన్న:
మీకు పండగకు ఒకసారి వచ్చే బాధ మాకు రోజూ ఉంటుంది. విమానాశ్రయం బేరాలు చేసుకునే నావంటి వారికి ఛార్జరు దగ్గర పోయిన గంట అంటే పోయిన బేరమే. నగరంలో కొన్ని మాల్స్ కింద ఛార్జింగ్ కోసం పచ్చ రంగు వేసిన చోట్లలో డీజిల్ కార్లు పెట్టి సినిమాకు వెళ్లిపోతారు. వాచ్‌మ్యాన్‌ను అడిగితే పెద్దవాళ్ల కార్లండీ, ఏమీ అనలేము అంటాడు. పెద్దబండి గారికి ఒక మాట. మీ కారు 175 తీసుకున్నా మిషను 30 ఇస్తే మీరు చేసేదేమీ లేదు. 20 నుంచి 80కి మీకు 47 యూనిట్లు కావాలి, అది గంటన్నర పైమాట. మీ వెనుక నిలబడినవాడి కిరాయి ఎవరు ఇస్తారు?

హ్యూస్టన్_తెలుగు:
ఇక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని అనుకోకండి. రాగి కోసం దొంగలు రాత్రిపూట వచ్చి కేబుళ్లనే కోసుకుపోతున్నారు. పొద్దున వెళ్తే వరుసగా తోకలు తెగిన మిషన్లు కనబడతాయి. టెస్లా తన ఛార్జర్లను ఇతర కంపెనీల కార్లకు తెరిచాక మాకు కాస్త ఊపిరి ఆడింది, కానీ ఇప్పుడు వాటి దగ్గరా వరుసలు మొదలయ్యాయి.

మూసీ_ఒడ్డు:
హ్యూస్టన్ సోదరా, కూకట్‌పల్లి గారు వెళ్లవలసింది చౌటుప్పల్ మీదుగా. మా కేబుళ్లను ఎవరూ కోయడం లేదు, పోనివ్వండి. నా రిఫండ్ సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

బెజవాడ_టీచరమ్మ:
ఇంతమంది ఇంత రాశారు గానీ, అడిగిన అబ్బాయికి జవాబు చెప్పినవారు లేరు. నాయనా, పండగ ముందు రోజుల్లో పంతంగి టోల్ దగ్గరే గంటలు పోతాయి కనుక తెల్లవారుజామున నాలుగుకు ముందే బయలుదేరండి. వాహనాలు మెల్లగా కదులుతుంటే బ్యాటరీ గురించి కంగారు పడవద్దు, ఆ వేగంలో కారు తక్కువే తింటుంది. అసలు ఖర్చు నూరు మీద తోలినప్పుడే. పది శాతానికి వచ్చేదాకా లాగవద్దు, నలభై ఉండగానే సూర్యాపేటలో ఆగండి. అక్కడ కొద్ది దూరంలోనే వేర్వేరు కంపెనీల మిషన్లు ఉన్నందున ఒకటి మొరాయిస్తే ఇంకొకటి చూసుకోవచ్చును. బంకులో ఉన్నదానికంటే పెద్ద హోటలు ఆవరణలో ఉన్న మిషనును ఎంచుకోండి. అమ్మగారికి వేళకు తిండి, కడిగిన మరుగుదొడ్డి అక్కడే దొరుకుతాయి, కారు కూడా కళ్ల ముందు ఉంటుంది. రెండు మూడు యాప్‌లలో ఇంట్లో ఉండగానే కొద్దికొద్దిగా డబ్బు వేసి, ఓటీపీలు అన్నీ పూర్తి చేసుకోండి. ట్యాప్ చేసే కార్డు ఇచ్చే కంపెనీ అయితే తెప్పించుకోండి, సిగ్నల్ లేని చోట అదే గతి. గన్ను బయటకు రాకపోతే బలంగా లాగవద్దు, ముందు తాళంచెవితో కారును అన్‌లాక్ చేయండి. చాలా కార్లలో చేత్తో విడిపించే తాడు కూడా ఉంటుంది, అది ఎక్కడ ఉందో ఇంట్లోనే చూసుకోండి.

కారుతో ఇచ్చిన 15 ఆంపియర్ల ఛార్జరు డిక్కీలో తప్పనిసరిగా ఉండాలి. రాజమండ్రిలో బంధువుల ఇంట ఏసీ కోసం పెట్టిన 15 ఆంపియర్ల ప్లగ్గుకు రాత్రి పదికి తగిలిస్తే తెల్లవారేసరికి ఇరవై యూనిట్లకు పైగా ఎక్కుతుంది. అప్పుడు తిరుగు ప్రయాణంలో ఏలూరు మిషనుతో మీకు పనే ఉండదు.

గోదావరి_గట్టు:
టీచరమ్మ గారూ, మా వైపు పాత ఇళ్లలో ప్లగ్గుకు మూడు రంధ్రాలు ఉంటాయి గానీ ఎర్తు వైరు ఉండదు. తగిలించగానే ఛార్జరు మీద ఎర్ర దీపం వస్తుంది. మా ఎలక్ట్రీషియన్ న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి వెళ్లే వైరును) ఎర్తు పిన్నుకు కలిపి క్షణంలో పని జరిపించాడు.

విశ్రాంత_ఏడీఈ:
వెంటనే తీసివేయించండి. ఈ ఒక్క విషయంలో నేను మర్యాదగా మాట్లాడలేను. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే కారు శరీరమంతటికీ కరెంటు వస్తుంది, తడి కాళ్లతో తలుపు ముట్టుకొన్న పిల్లవాడు మళ్లీ లేవడు. అంగడిలో దొరికే డమ్మీ ఎర్తు పిన్నులు కూడా ఇదే బాపతు. ఇంటి పక్కన గుంత తీయించి, ఉప్పు, బొగ్గు వేసి ఎర్తు పైపు దింపించి, బోర్డు దాకా వైరు లాగించండి. ఒక పూట పని. మీ ఎలక్ట్రీషియన్ చేసినది పని కాదు, నేరం.

గోదావరి_గట్టు:
రేపే పైపు దింపిస్తాను. అయితే మీ శాఖవారు మీటరు దగ్గర ఎర్తు ఉందో లేదో చూడకుండానే కనెక్షన్ ఎలా ఇచ్చారో కూడా చెబితే బాగుండేది.

కోదాడ_బైపాస్:
గొడవల మధ్య ఒక సమాచారం. ఈ ఉదయం మా ఊరి బైపాస్ మీది ఒక స్టేషను దగ్గర ఆగి చూశాను. గన్నును తగిలించే కొక్కెం ఎప్పుడో విరిగిపోయినందున వాడినవారు కిందనే పడేస్తున్నారు. ఎడమ గన్ను మూతి పగిలి లోపలికి మట్టి చేరింది, కారుకు పెట్టగానే ఇన్సులేషన్ ఫాల్టు అని చూపించి ఆగిపోతున్నది. కుడి గన్ను పనిచేస్తున్నది గానీ, పక్కన ఏ కారూ లేకపోయినా 28 కిలోవాట్లకు మించి ఇవ్వలేదు. యాప్‌లో మాత్రం రెండూ పచ్చగానే ఉన్నాయి. ఫొటోలు తీసి ఫిర్యాదు చేశాను.

కూకట్‌పల్లి_కారు:
టీచరమ్మ గారికి ధన్యవాదాలు, సూర్యాపేటలోనే ఆగుతాము. కోదాడ గారూ, ఫిర్యాదు నంబరు ఇక్కడ పెట్టండి, పండగకు ఆ దారిన వెళ్లేవాళ్లమంతా అదే నంబరు మీద అడుగుతాము.

కోదాడ_బైపాస్:
పెట్టేలోపే సందేశం వచ్చింది. సమస్య పరిష్కరించి ఫిర్యాదు మూసేశారట, సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడుగుతున్నారు. నేను ఇంకా ఆ మిషను ఎదురుగానే ఉన్నాను, ఇక్కడికి ఎవరూ రాలేదు.