చెన్నై నుంచి విశాఖకి మూడు రోజులు: అమ్మకి మోకాళ్ల నొప్పులు, అన్నీ కొండలేనా?

వేళచ్చేరి_వాసి:
జనవరిలో విశాఖ వెళ్దామనుకుంటున్నాం. అమ్మ, మేమిద్దరం, ఎనిమిదేళ్ల బాబు. చేతిలో మూడు పగళ్లు. అమ్మకి మెట్లు కష్టం, కానీ సింహాచలం చూడకుండా రానంటోంది. బాబుకి సబ్‌మెరైన్ చూడాలి, సముద్రంలో దిగాలి. ఏ రైలు మేలు? ఎక్కడ బస చేయాలి? అరకు కూడా ఇరికించవచ్చా?

ఎండాడ_మలుపు:
సెంట్రల్లో హౌరా మెయిల్ (12840) సాయంత్రం ఎక్కితే మర్నాడు ఉదయానికి దిగుతారు. కోరమాండల్ (12842) పొద్దున్నే బయల్దేరి రాత్రికి చేరుతుంది, అంటే ఒక పగలు రైల్లోనే పోయినట్టు. టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. సంక్రాంతి వారమైతే మొదటి రోజే తీసుకోండి.

ఇంకో సంగతి. విశాఖ స్టేషన్ మెయిన్ లైన్ మీద లేదు, పక్కకి ఉంది. లోపలికొచ్చిన బండి ఇంజన్ రెండో వైపుకి మార్చుకుని వచ్చిన దారినే బయటపడాలి. ఆ ఆలస్యం ఎందుకని కొన్ని దూరపు బళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి. దువ్వాడ నుంచి బీచ్ వైపు రావాలంటే గాజువాక ట్రాఫిక్‌లో పడాలి. సామాన్లతో, పెద్దావిడతో అది వద్దు. దిగే స్టేషన్ పేరు చూసి బుక్ చేయండి.

బసకి ఆర్టీసీ కాంప్లెక్స్, సిరిపురం చుట్టుపక్కల చూడండి. "బీచ్‌కి పది నిమిషాల నడక" అని హోటల్ వాళ్లు రాస్తే అది దిగేటప్పటి లెక్క. వాల్తేరు అప్‌ల్యాండ్స్ నుంచి బీచ్‌కి వీధులన్నీ వాలుగా దిగుతాయి, తిరిగి రావడమంతా ఎత్తే. అమ్మగారికి వెనక్కి ఆటో తప్పదు. నడకే కావాలంటే బీచ్ రోడ్డుని ఆనుకుని ఉన్న హోటలే తీసుకోండి.

ఇక తిరగడం. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో ఊరు. కైలాసగిరి దగ్గర్నుంచి భీమిలి వైపు వెళ్తుంటే బీచ్ రోడ్డుకీ హైవేకీ మధ్య కొండలు అడ్డం. ఎండాడ–రుషికొండ రోడ్డు లాంటి కొద్ది చోట్లే ఇటు నుంచి అటు దాటగలరు. మ్యాప్‌లో పక్కపక్కన కనిపించేవాటికి కూడా చుట్టు తిరగాల్సి వస్తుంది. అందుకే దిక్కుల వారీగా పెట్టుకోండి: కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, భీమిలి ఒక రోజు, సింహాచలం ఒక పూట. యారాడ, భీమిలి ఒకే రోజు పెట్టుకుంటే రోజంతా కారులోనే.

గాలిగోపురం:
సింహాచలానికి మెట్ల దారి ఉంది గానీ ఎక్కనక్కర్లేదు. ఘాట్ రోడ్డు మీద బస్సులు, కార్లు పై దాకా వెళ్తాయి. శని, ఆదివారాలు మానేసి పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం నివేదన వేళ దర్శనం కాసేపు ఆపుతారు, అప్పుడు క్యూలో ఇరుక్కుంటే మోకాళ్లకి నరకం. స్వామి ఏడాదంతా చందనపు పూతలోనే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు మాత్రమే. జనవరిలో అది దొరకదని అమ్మగారికి ముందే చెప్పండి.

కైలాసగిరికి కారు పై దాకా పోతుంది, రోప్‌వే కూడా ఉంది. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు కాబట్టి కిందికి దిగడానికి దాన్నే నమ్ముకోవద్దు. పైన టాయ్ ట్రైన్ కొండ చుట్టూ తిప్పుతుంది, నడక తప్పుతుంది.

బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన సబ్‌మెరైన్ (కురుసుర) సోమవారం మూసి ఉంటుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు, పొద్దున్నే వెళ్లి గేటు ముందు నిలబడొద్దు. 91 మీటర్ల పడవ. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారాలే, కాలెత్తి దాటుతూ తల వంచాలి. వెనక జనం తోసుకొస్తుంటారు, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. అమ్మగారు బయట కూర్చోవడమే నయం. రోడ్డుకి అవతల నౌకాదళపు పాత నిఘా విమానం టీయూ-142 ఉంది. అది మీ పక్కూరిదే: 2017లో సర్వీసు ముగిసే నాటికి అరక్కోణంలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ రాజాళిలో ఉండేది. ఆ మాట చెబితే బాబు ఇంకాస్త ఆసక్తిగా చూస్తాడు.

ఉప్పుగాలి:
మెరీనాలో అలల్లోకి దిగొద్దని ఎందుకంటారో ఆర్కే బీచ్‌లోనూ అందుకే అంటారు. ఒడ్డు దగ్గరే లోతు. విరిగిన అల తిరిగి వెళ్తూ కాళ్ల కింద ఇసుకని కోసుకుపోతుంది, పిల్లలు నిలబడిన చోటే కూలబడతారు. యారాడ బీచ్ చూడ్డానికి బ్రహ్మాండం, దిగడానికి అంతకన్నా ప్రమాదం. బాబుని రుషికొండలో, లైఫ్‌గార్డులు కాసే హద్దుల్లోనే దించండి, అదీ మోకాలి లోతు వరకే. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నీళ్లు నునుపుగా కనిపిస్తే అదే లోపలికి లాగే పాయ. పిల్లలు "అక్కడ అలల్లేవు" అని సరిగ్గా అక్కడికే పోతారు. లాగితే ఒడ్డుకి ఎదురీదకూడదు, తీరం వెంట పక్కకి ఈది పాయ దాటాక బయటికి రావాలి.

అద్దె స్కూటరు మీద యారాడ ఘాట్ వద్దు. గేర్లు లేని బండికి దిగేటప్పుడు ఇంజన్ పట్టు తక్కువ, భారమంతా బ్రేకుల మీదే. పట్టుకునే దిగితే వేడెక్కి పట్టు జారతాయి.

వేళచ్చేరి_వాసి:
చాలా థాంక్స్ అండీ. అరకు సంగతి ఎవరూ చెప్పలేదు.

గాలిగోపురం:
మానేయండి. రానూపోనూ పగలంతా కూర్చునే ప్రయాణం. బొర్రా గుహల్లో దిగే మెట్లున్నాయి, తడిగా జారతాయి.

ఎండాడ_మలుపు:
నేనైతే మానమనను, బొర్రా వదిలేయండి చాలు. ఉదయం ఏడు లోపే విశాఖలో బయల్దేరి అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజర్‌కి విస్టాడోమ్ (పెద్ద అద్దాల కిటికీలు, అద్దాల పైకప్పు) పెట్టె ఉంటుంది. ఆ సీట్లు త్వరగా అయిపోతాయి, చెన్నై టికెట్లతో పాటే తీసుకోండి. ఎక్కేటప్పుడు లోయలు ఎక్కువగా కుడివైపు. దారిలో బోలెడు సొరంగాలు, బాబుకి లెక్కపెట్టే పని. తిరుగు బండిని నమ్ముకోకండి, ఆలస్యమైతే అర్ధరాత్రవుతుంది. అరకులో కారు ముందే మాట్లాడుకుని ఘాట్ దిగే దాకా వెలుతురు ఉండేలా బయల్దేరండి, జనవరిలో త్వరగా చీకటి పడుతుంది, మంచు కూడా. ఆ రోజు ఇంకేం పెట్టుకోవద్దు. మూడో రోజుకి మాత్రం ఉంచకండి, చెన్నై బండి తప్పుతుంది.