కృష్ణా కెనాల్ జంక్షన్ వయసెంత? 1888, 1893, 1899లలో ఏది రాయాలి?

ప్రశ్న: తాడేపల్లి పాఠకుడు

అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయానికి వచ్చే కొందరం కలిసి తాడేపల్లి చరిత్రపై ఒక చిన్న పుస్తకం సిద్ధం చేస్తున్నాం. అందులో కృష్ణా కెనాల్ జంక్షన్ గురించి రెండు పుటలు రాసే బాధ్యత నాకు అప్పగించారు. మొదటి వాక్యం దగ్గరే మాలో మాకు అభిప్రాయభేదం వచ్చింది. విజయవాడ స్టేషన్‌ను 1888లో కట్టారని అంతటా రాస్తున్నారు కనుక, ఏటికి ఇవతల ఉన్న మన స్టేషన్ కూడా ఆ కాలానిదేనని ఒకరి వాదన. కృష్ణపై రైలు వంతెన 1893లో పూర్తయింది కనుక అంతకుముందు ఇక్కడ రైలు ఉండే అవకాశమే లేదని మరొకరు అంటున్నారు. మద్రాసు మార్గం 1899లో తెరిచారు కాబట్టి ఆ సంవత్సరమే వేయాలని ఇంకొకరి పట్టు.

వీటిలో ఏది వేయడం న్యాయం? ఊరు తాడేపల్లి అయితే స్టేషన్‌కు కాలువ పేరు ఎందుకు వచ్చింది? చెన్నై వైపు నుంచి వచ్చే బండ్లు విజయవాడ చేరే ముందు ఇక్కడ ఎందుకు అంతసేపు నిలబడతాయన్నది కూడా పాఠకులు తప్పక అడుగుతారు. దానికి ఏమైనా చారిత్రక కారణం ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: విశ్రాంత రైల్వే ఉద్యోగి, గుంటూరు

మీ మిత్రులు చెప్పిన మూడు సంవత్సరాలూ మూడు వేర్వేరు పనులకు సంబంధించినవి. వాటిని ఒకే స్టేషన్ పుట్టుకకు ముడిపెట్టడంతో చిక్కు వచ్చింది.

ముందు గుంటూరు వైపు నుంచి చూడాలి. 1876-78 నాటి ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలలో లక్షల మంది చనిపోయారు. ఆ తర్వాత ఏర్పాటైన కరువు కమిషన్ 1880లో ఇచ్చిన నివేదికలో, కరువు ప్రాంతాలను పంట ప్రాంతాలతో కలిపే రైలు మార్గాలు వేయాలని సిఫారసు చేసింది. బళ్లారి–కృష్ణా మార్గం ఆ ఆలోచన నుంచి వచ్చిందే. గుంతకల్లు, నంద్యాల, కంభం, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరుకు, అక్కడి నుంచి కృష్ణ దక్షిణపు గట్టుకు చేరిన ఈ మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఎడం తక్కువ) మార్గాన్ని సదరన్ మరాఠా రైల్వే నడిపింది. ఒక చివర బళ్లారి మెట్ట, రెండో చివర ఆనకట్ట నీటితో పండే డెల్టా అన్నమాట. పేరులో ఉన్న ‘కృష్ణా’ జిల్లా పేరు కావచ్చు, నది పేరు కావచ్చు, కానీ మార్గం ఉద్దేశం మాత్రం నదీతీరంలో దొరికే ధాన్యమే. ఆ విధంగా మీ తాడేపల్లి నేల మీద మొదట పడినవి మద్రాసు పట్టాలు కావు, గుంటూరు నుంచి వచ్చిన మీటర్ గేజ్ పట్టాలు.

అవతలి ఒడ్డు కథ వేరు. నిజాం రైల్వే వారు సికింద్రాబాదు నుంచి డోర్నకల్ మీదుగా బ్రాడ్ గేజ్ (పట్టాల మధ్య ఎడం ఎక్కువ) మార్గాన్ని 1889లో బెజవాడకు తెచ్చారు. అంటే బెజవాడకు ఉత్తరం నుంచి రైలు వచ్చేనాటికి కృష్ణపై రైలు వంతెన లేదు. దక్షిణం నుంచి వచ్చినవారు గట్టున దిగి నది దాటవలసిందే. 1893లో వంతెన వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. అదే ఏడాది నుంచి 1896 వరకు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటక్ దాకా మార్గాన్ని దశలవారీగా తెరిచింది.

ఇక మద్రాసు మార్గం. బెజవాడ–మద్రాసు బ్రాడ్ గేజ్ 1899 నవంబరు 1న మొదలైంది. తెనాలి, బాపట్ల, ఒంగోలు, నెల్లూరు మీదుగా వచ్చే ఆ మార్గమూ, గుంటూరు నుంచి వచ్చే మార్గమూ నది దాటేందుకు ఒకే చోటికి చేరాయి. ఆ చోటే కృష్ణా కెనాల్. రెండు దారులు కలవనిదే జంక్షన్ ఉండదు కదా! కనుక ‘జంక్షన్’ అన్న మాటతో రాయదలిస్తే 1899 వేయండి. ఊరికి రైలు వచ్చిన కాలం చెప్పదలిస్తే దానికంటే సుమారు పదేళ్లు వెనక్కి వెళ్లి గుంటూరు మార్గంతో మొదలుపెట్టండి. విజయవాడ స్టేషన్‌కు చెప్పే 1888ని మాత్రం నది ఇవతలికి తీసుకురావద్దు.

జవాబు: బెజవాడ వాసి

పై పెద్దవారి వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట. వంతెన సంవత్సరాన్ని తక్కువగా చూడరాదని నా అభిప్రాయం. వంతెన లేనప్పుడు ఇది రేవులాంటి చివరి మజిలీ. వచ్చాక దారి మధ్య స్టేషన్. స్వభావం పూర్తిగా మారింది. పుస్తకంలో 1893కు ఒక పేరా అయినా దక్కాలి.

జవాబు: కాలువ గట్టు, దుగ్గిరాల

పేరు విషయం నేను చెబుతాను. రైల్వే వారి కంటే ఈ సంగతి నీటిపారుదల వారికి బాగా తెలుస్తుంది.

ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య కృష్ణపై ఆనకట్టను 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేశారు. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. దీనికీ కరువే కారణం. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు మండలం ఎంతగా దెబ్బతిన్నదంటే, ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ ప్రాంతపు ప్రభుత్వ పత్రాలలో ఏ పని ప్రస్తావనకు వచ్చినా ఆ కరువు పేరు వినబడేది. ఆనకట్టకు రెండు పక్కలా కాలువలు తవ్వారు. సీతానగరం వద్ద బయలుదేరే పశ్చిమ కాలువ తాడేపల్లి పక్కగా దిగి, మా దుగ్గిరాల దగ్గర పాయలుగా చీలుతుంది. వాటిలో కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద, తీరం వెంట మద్రాసు వైపు సాగే బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది.

నేటి తరానికి కాలువ అంటే వరినాట్ల నీరు మాత్రమే. అప్పట్లో అది రహదారి. బెజవాడ నుంచి మద్రాసుకు సరుకు వెళ్లాలంటే పడవ ఎక్కవలసిందే. లాకుల వద్ద నీటి మట్టం పెంచుతూ, దించుతూ పడవలను దాటించేవారు. ధాన్యం, ఉప్పు, కట్టెలు ఇలాగే ప్రయాణించాయి. రైలు వచ్చేనాటికి ఇక్కడ అందరికీ తెలిసిన గుర్తు ఆ కాలువే కాబట్టి స్టేషన్‌కు దాని పేరు నిలవడంలో వింత ఏమీ లేదు. మా తెనాలి వైపు వారు ఇప్పటికీ ‘కెనాల్ దగ్గర ఆగింది’ అనే అంటారు, తాడేపల్లిలో ఆగింది అనరు.

అయితే కాలువ పేరు పెట్టుకున్న ఆ స్టేషన్ మీదుగా 1899లో మొదలైన మద్రాసు రైలే కాలువ మీది పడవ వ్యాపారాన్ని చాలావరకు కాజేసింది. రెండూ సీతానగరం నుంచి దుగ్గిరాల దాకా దాదాపు ఒకే దిక్కుగా సాగుతాయి. పడవకు రోజులు పట్టే దూరం రైలుకు గంటలు. పడవ నిలవలేకపోయింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువలను కృష్ణా, గోదావరి నదుల కొంత భాగంతో కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన సంగతి అటుంచితే, మా లాకుల దగ్గర సరుకు పడవ చూసినవారు ఇప్పుడు బాగా వృద్ధులే. మీ పుస్తకంలో స్టేషన్ కథకు ముందు కాలువ కథ పెట్టండి. వరుస అదే.

తాడేపల్లి పాఠకుడు

ముగ్గురికీ ధన్యవాదాలు. గుంటూరు వారు మద్రాసు వెళ్లాలంటే కూడా ముందు ఇక్కడికే వచ్చి మారేవారా? అలాగే బండ్లు నిలబడే విషయం ఇంకా మిగిలింది.

జవాబు: విశ్రాంత రైల్వే ఉద్యోగి, గుంటూరు

మొదట్లో పట్టాల మీద వేరే దారి లేదు. 1916లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు బ్రాడ్ గేజ్ వేసింది. సదరన్ మరాఠా, మద్రాస్ రైల్వేలు 1908లో కలిసి ఆ సంస్థ ఏర్పడింది. గుంటూరు–తెనాలి ముక్క పడడంతో కృష్ణా కెనాల్, గుంటూరు, తెనాలి ఒక త్రికోణంగా కలిసి, కృష్ణా కెనాల్ దాని పై కొసగా మిగిలింది. గుంటూరు వారికి మద్రాసు దారి తెనాలి మీదుగా దగ్గరైంది.

గుంటూరు–గుంతకల్లు మార్గం 1990వ దశకంలో మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌గా మారింది. మీటర్ గేజ్ వెడల్పు 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్ 1,676. అంకెల్లో చూస్తే చిన్న తేడా. గేజ్ మారే చోట బస్తాలను ఒక వ్యాగన్ నుంచి ఇంకో వ్యాగన్‌కు మోసిన కూలీలను అడిగితే ఆ తేడా ఎంతటిదో తెలుస్తుంది.

బండ్లు నిలబడడానికి కారణం నేల పటం చూస్తేనే అర్థమవుతుంది. విజయవాడకు ఉత్తరాన కాజీపేట మార్గం, తూర్పున విశాఖ మార్గం, గుడివాడ మార్గం వచ్చి చేరతాయి. దక్షిణం నుంచి వచ్చే రెండు మార్గాలు, అంటే మద్రాసు, గుంటూరు మార్గాలు, కృష్ణా కెనాల్ దగ్గరే ఒకటై నది దాటాలి. ప్లాట్‌ఫాం ఖాళీ కాకుండా బండిని వంతెన మీదికి పంపితే అది నది నడుమ ఆగుతుంది. దానికంటే ఇవతల స్టేషన్‌లో నిలపడమే మేలు. 1980 నాటికి ఈ మార్గంలో విద్యుత్ ఇంజన్లు వచ్చి బండ్ల వేగం పెరిగినా, ఈ ఇరుకు మాత్రం తీరలేదు. ప్రయాణికులు స్టేషన్ మాస్టర్‌ను తిట్టుకుంటారు గానీ, అసలు కారణం 1899లో కుదిరిన ఈ కూడలిలోనే ఉంది. విజయవాడ–గూడూరు మూడో లైను ఆ ఇరుకు తగ్గించడానికి చేపట్టిందే.

జవాబు: నంబూరు నుంచి

పాలన విషయం కూడా ఒక వాక్యంలో చేర్చండి. 1951 ఏప్రిల్ 14న మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే దక్షిణ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 2003లో గుంటూరు డివిజన్ వచ్చినా కృష్ణా కెనాల్ విజయవాడ డివిజన్‌లోనే ఉండిపోయింది. గుంటూరు మార్గం మొదలయ్యే స్టేషన్ గుంటూరు డివిజన్‌ది కాకపోవడం విచిత్రంగా అనిపించవచ్చు. వంతెనను, దాని అవతలి పెద్ద స్టేషన్‌ను చూసుకునేవారి చేతిలో ఈ కూడలి ఉండడమే పనికి అనువని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి మీ పుస్తకం చివరి పేరాకు పనికి రావచ్చు. 2024 అక్టోబరు 24న కేంద్ర మంత్రివర్గం ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా మా నంబూరు వరకు 57 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2,245 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం తెలిపింది. అందులో కృష్ణపై 3.2 కిలోమీటర్ల వంతెన ఉంది. అది పూర్తయితే కాజీపేట వైపు నుంచి గుంటూరుకు వచ్చే బండ్లు విజయవాడనూ, మీ కృష్ణా కెనాల్‌నూ తాకకుండా నేరుగా నంబూరు చేరగలవు. నడికుడి మీదుగా హైదరాబాదు బండ్లు 1989 నుంచే మరో చోట కృష్ణను దాటుతున్నాయి కనుక ఇది మొదటి ప్రత్యామ్నాయం కాదు. విజయవాడకు ఇంత దగ్గరలో నది దాటే రెండో దారి రావడం మాత్రం ఇదే మొదటిసారి అవుతుంది. మద్రాసు మార్గపు బండ్లకు అప్పుడు కూడా కెనాల్ తప్పదు.